ఆసఫ్‌జాహీ వంశం: వాయిదాల మీద ముగిసిన రాజ్యం

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో దిగి సంచి పట్టుకుని మోండా మార్కెట్‌కు నడిచే వాళ్లు తెలియకుండానే ఒక నిజాం పేరు పలుకుతుంటారు. ఆయన మీర్ అక్బర్ అలీ ఖాన్ సికిందర్ జా, మూడో ఆసఫ్ జా. 1798లో కుదిరిన సైన్య సహకార ఒప్పందంతో హుస్సేన్‌సాగర్ ఈశాన్యాన ఇంగ్లీషు పటాలాలు డేరాలు వేశాయి. ఆ దండు చుట్టూ పెరిగిన ఊరికి 1806లో సికిందర్ జా పేరు పెట్టారు. పాత జనం మాత్రం ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. అదే అసలుకు దగ్గరి పేరు, ఎందుకంటే అది దండు ఊరే.

పేరు నిజాందే అయినా అక్కడ చలాయించుకున్నది ఇంగ్లీషు వాళ్లు. చార్మినార్ వైపు చెల్లేది నిజాం టంకసాల నుంచి వచ్చిన హాలీ సిక్కా. లష్కర్‌లో చెల్లేది బ్రిటిష్ రూపాయి, అంటే కల్దార్. సుమారుగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. హుస్సేన్‌సాగర్ కట్ట దాటితే లెక్క మారేది. ఈ ఊరి పౌర పాలనను ఇంగ్లీషు వాళ్లు తిరిగి నిజాంకు అప్పగించింది 1945లో. 1948 సెప్టెంబర్‌లో రాజ్యమే పోయింది. అంటే నిజాం పేరు పెట్టుకున్న ఊళ్లో ఆఖరి నిజాం నేరుగా పాలించింది మూడేళ్లు కూడా నిండలేదు.

ఆసఫ్‌జాహీల గురించి మాట్లాడేటప్పుడు చాలా ఇళ్లల్లో రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి కోహినూర్ అంత వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్న నవాబు కథ. రెండోది 1948తో అంతా అయిపోయిందన్న మాట. మొదటిదానిలో కొంత నిజముంది. ఆ వజ్రం కోహినూర్ కాదు, 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం. రెండో మాటే సరికాదు.

మొదలు ఎక్కడ?

మొగల్ దర్బారు సర్దారు మీర్ ఖమరుద్దీన్ ఖాన్, నిజాముల్‌ముల్క్ బిరుదుతో దక్కన్ సుబేదారుగా ఉన్నారు. 1724లో షకర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్‌ను ఓడించి దక్కన్‌ను తన చేతిలోకి తెచ్చుకున్నారు. ఢిల్లీ పాదుషా ఆసఫ్ జా బిరుదిచ్చారు. ఆయన ఢిల్లీకి విధేయత మాత్రం ఎన్నడూ వదల్లేదు. 1748లో బుర్హాన్‌పూర్‌లో కన్నుమూశారు, సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ వరుసగా గద్దెనెక్కారు. వాళ్ల వెనక ఫ్రెంచి, ఇంగ్లీషు వాళ్ల పోటీ నడిచింది. నిజాముల వరుస లెక్కలో ఈ ముగ్గురినీ కలపరు. అందుకే ఏడుగురు నిజాములు అంటారు గానీ గద్దెనెక్కిన వాళ్లు పది మంది.

రెండో ఆసఫ్ జా నిజాం అలీ ఖాన్ 1762లో వచ్చి రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మార్చారు. తెలుగు వాళ్ల పటం చీలడం మొదలైంది కూడా ఆయన కాలంలోనే. 1766లో ఉత్తర సర్కార్లు ఇంగ్లీషు కంపెనీకి పోయాయి. 1800లో కడప, బళ్లారి వైపు దత్త మండలాలూ పోయాయి. ఈ చీలిక సంగతి చివర్లో మళ్లీ వస్తుంది. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1853లో, సైన్యం బాకీల పేరుతో బేరార్‌ను తీసుకున్నారు. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా 1857 తిరుగుబాటులో ఇంగ్లీషు పక్షాన నిలిచారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రెండేళ్ల పసివాడిగా 1869లో గద్దెనెక్కితే సాలార్‌జంగ్ పాలన నడిపించారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చిన రోజుల్లో ఆయన జనం మధ్యకు వచ్చి నిలబడ్డారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

1911లో వచ్చిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏడో నిజాం, ఆఖరి పాలకుడు. ఆ వరద మళ్లీ రాకుండా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. 1918 ఫర్మానాతో ఉస్మానియా యూనివర్సిటీని స్థాపించి ఉర్దూలో ఉన్నత చదువు చెప్పించారు. తెలుగు మాట్లాడే ప్రజలు అంతమంది ఉన్న రాజ్యంలో తెలుగుకు ఆ చోటు దక్కలేదన్నది కూడా నిజమే. ఆ బాధ నుంచి ఆంధ్ర మహాసభ పెరిగింది. పల్లెల్లో జాగీర్దారీ వెట్టి మీద తిరుగుబాటు అందులోంచే ఎదిగింది. దాన్ని దాచిపెట్టి ఆ వంశం కథ చెబితే అది సగం కథే అవుతుంది.

1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో జరిగిన రెండు పెళ్లిళ్లు ఈ వంశాన్ని ప్రపంచ పటం మీదికి తెచ్చాయి. పెద్ద కొడుకు ఆజం జాకు ఉస్మానీ ఖిలాఫత్ ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రె షెహ్వార్‌తో, రెండో కొడుకు ముఅజ్జమ్ జాకు అదే ఇంటి నీలోఫర్‌తో నికాహ్ అయింది. 1924లో టర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేశాక దేశం విడిచిన కుటుంబం అది. దారిద్ర్యంలో ఉన్న ఖలీఫాకు నిజాం అప్పటికే భృతి పంపుతుండేవారు. నీలోఫర్ దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖం నుంచి పుట్టిన ఆలోచనే నేటి నీలోఫర్ ఆసుపత్రి.

ముగింపు ఎప్పుడు?

బల్గేరియా రాజవంశం కథ చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ 1887లో ఫెర్డినాండ్‌తో వచ్చిన సాక్స్-కోబర్గ్ వంశం ముగిసింది 1946 సెప్టెంబర్ 8న, ఒక్క రోజు జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో. తొమ్మిదేళ్ల రాజు సిమియన్ దేశం విడిచి వెళ్లాడు. 2001లో అదే మనిషి ఎన్నికల్లో గెలిచి ప్రధానమంత్రిగా వచ్చాడు. హైదరాబాద్‌లో అలా ఒక్క దెబ్బతో తెగలేదు. వాయిదాల మీద జరిగింది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం బయల్దేరింది, 17న నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. అధికారం పోయింది ఆ రోజే. అంతకుముందు రజాకార్ల దాడుల్లో పల్లెలు నలిగిపోయాయి. ఆ తర్వాత, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, ఏ పాపం ఎరగని ముస్లిం కుటుంబాలు మూల్యం చెల్లించాయి. ప్రధాని నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ చనిపోయిన వాళ్లను 27 వేల నుంచి 40 వేల మధ్య అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు. రాజు మాత్రం కింగ్‌కోఠీలోనే ఉన్నారు.

1949లో రెండు పనులు జరిగాయి. నిజాం సొంత ఖర్చులకు ఆదాయమిచ్చే సర్ఫె ఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. జాగీర్లు రద్దయ్యాయి. రాజ్యం ఉందంటే అసలు ఈ భూముల మీదే ఉంది కదా. చాలా ఖాందానీ ఇళ్లు కుదేలైంది 1948లో కాదు, ఈ ఏడాదే. అదే ఏడాది నవంబర్ 23న భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ నిజాం ఫర్మానా ఇచ్చారు. 1950 జనవరి 26 నుంచి ఆయన రాజప్రముఖ్. ఏటా 50 లక్షల ప్రివీ పర్సు. 1952 ఎన్నికల తర్వాత ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు హయాంలోనూ రాష్ట్రాధినేత పదవిలో ఉన్నది ఈ నిజామే. 1956 నవంబర్ 1న రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి ఆంధ్రప్రదేశ్, మైసూరు, బొంబాయి రాష్ట్రాల్లో కలిపేశారు. రాజప్రముఖ్ పదవీ పోయింది. హాలీ సిక్కా కూడా 1950ల చివరికల్లా చెలామణి నుంచి తప్పుకుంది.

ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. తన కోరిక ప్రకారమే కింగ్‌కోఠీ ఎదుట జూదీ మసీదులో తల్లి పక్కన ఖననం చేశారు. కొడుకును కాదని మనవడు ముకర్రమ్ జాను ఆయన ముందే వారసుడిగా ప్రకటించారు. చౌమొహల్లాలో గద్దెనెక్కిన ఈ ఎనిమిదో ఆసఫ్ జాకు ఐదేళ్లు తిరగకముందే, 1971 డిసెంబర్‌లో, 26వ రాజ్యాంగ సవరణ బిరుదులనూ ప్రివీ పర్సునూ రద్దు చేసింది. చట్టం లెక్కలో వంశం ముగిసింది అప్పుడే. ఆయన ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం నడిపారు, తర్వాత టర్కీలో స్థిరపడ్డారు. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో మరణించారు. మయ్యత్‌ను హైదరాబాద్ తెచ్చి, ప్రభుత్వ లాంఛనాలతో మక్కా మసీదులో పూర్వీకుల సరసన పూడ్చారు. సికిందర్ జా సమాధి ఉన్నదీ ఆ వరుసలోనే. కొడుకు అజ్మత్ జాను కుటుంబం తొమ్మిదో ఆసఫ్ జా అంటోంది. అది ఇంటి గౌరవమే తప్ప పదవి కాదు.

ఆస్తుల తగువు ఇంకా సాగింది. 173 నగలను కేంద్రం 1995లో సుమారు 218 కోట్లకు కొన్నది. 1948 సెప్టెంబర్‌లో లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హై కమిషనర్ పేర వేసిన పది లక్షల పౌండ్లు పెరిగి పెరిగి మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి. 2019 అక్టోబర్‌లో ఇంగ్లండ్ హైకోర్టు ఆ సొమ్ము భారతదేశానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పు ఇచ్చింది. 71 ఏళ్ల కేసు అది.

ఇక ఆ రాజ్యం సరిహద్దు ఇవాళ్టికీ పనిచేసే చోటు ఒకటుంది. అది మక్కా. అక్కడ నిజాముల వక్ఫ్‌గా ఉన్న రుబాత్‌లో హాజీలకు ఉచిత బస ఇస్తారు. దరఖాస్తులు ఎక్కువ కాబట్టి ఖుర్రా తీసి పేర్లు ఎంచుతారు. అర్హత పూర్వ హైదరాబాద్ సంస్థానం ప్రాంతాల వాళ్లకే. తెలంగాణతో పాటు ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న నాందేడ్ వాళ్లకూ, కర్ణాటకలో ఉన్న గుల్బర్గా వాళ్లకూ వర్తిస్తుంది. మోండా మార్కెట్ పక్క గల్లీలో ఉండే కుటుంబం పేరు వేసుకోవచ్చు. కడప కుటుంబం వేసుకోలేదు. వాళ్ల ఊరు 1800లోనే కంపెనీ చేతికి పోయింది.