కవరు మీద అంటించిన కానుక

క్రిస్మస్ దగ్గర పడుతోందంటే న్యూయార్క్ పెద్ద దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలకు గుండెల్లో రాయి పడేది. పండగ బేరాల కోసం రాత్రి పొద్దుపోయేదాకా కౌంటర్ దగ్గర నిలబడటం ఒక బాధ అయితే, చందాలు ఇంకో బాధ. తమ మీద అజమాయిషీ చేసే మనిషికి అందరూ కలిసి ఏదో ఒకటి కొనిపెట్టాలి. తలా ఇంత అని ఎవరో చీటీ పట్టుకుని వచ్చేస్తారు. ఇవ్వనంటే రేపు పనిలో ఏం వంక పెడతారోనని భయం. వచ్చే జీతం చూస్తే అంతంతమాత్రం.

1912లో ఈ తంతు మీద తిరగబడి పెట్టుకున్న సంఘం పేరు వింటే ఇప్పటికీ నవ్వొస్తుంది: ‘పనికిరాని కానుకల నివారణ సంఘం’. ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలు కలిపి ‘స్పగ్’ అనేవారు. రంగస్థల నటిగా వెలిగి సంపన్నుల ఇంటి కోడలైన ఎలినార్ బెల్మాంట్, బ్యాంకర్ జె.పి. మోర్గాన్ కూతురు ఆన్ మోర్గాన్ దీన్ని ముందుండి నడిపించారు. పనిచేసే ఆడపిల్లలు సెలవుల ఖర్చుకు డబ్బు దాచుకోవడానికి అప్పటికే వీళ్లు ఒక పొదుపు నిధి నడుపుతున్నారు. ఏడాదంతా కూడబెట్టింది డిసెంబరులో కానుకల పాలవుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయారు. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా వచ్చి చేరాడు. ఆయనే తొలి మగ ‘స్పగ్’ అని పత్రికలు సంబరంగా రాసుకున్నాయి.

కోటీశ్వరుల ఇళ్ల ఆడవాళ్లు దుబారా మీద ధ్వజమెత్తడం కొంత విడ్డూరమే. అయినా వాళ్లు చెప్పిన మాటలో తప్పులేదు. చిక్కల్లా ఆ ‘నివారణ’తోనే వచ్చింది. పండగ పూట వద్దు అనేవాడు ఎంత మంచి చెప్పినా పిసినారి కింద జమకడతారు. ఆ సంగతి వాళ్లకూ త్వరగానే తెలిసొచ్చింది. తర్వాత పేరును ‘పనికొచ్చే కానుకల ప్రోత్సాహ సంఘం’గా తిప్పుకున్నారు. యూరప్‌లో యుద్ధం మొదలయ్యాక ఆ హడావిడి మెల్లగా సద్దుమణిగింది.

అదే అమెరికాలో ‘స్పగ్’ కంటే ఐదేళ్ల ముందే ఇంకో పద్ధతి మొదలై చాపకింద నీరులా పాకుతోంది. అది ఎవరినీ ఏదీ మానమనలేదు. పండగకు ఉత్తరం ఎలాగూ రాస్తారు కదా, దాని మీద ఒక సెంటు ఖరీదు చేసే కాగితం ముక్క అంటించండి, చాలు అంది.

ఈ ఊహ మొదట తట్టింది డెన్మార్క్‌లో ఒక తపాలా గుమాస్తాకు. ఆయన పేరు ఐనార్ హోల్‌బోల్. 1903 క్రిస్మస్ రోజుల్లో గుట్టలుగా వచ్చిపడుతున్న శుభాకాంక్షల ఉత్తరాలను వేరుచేస్తుండగా ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. ఒక్కో కవరు మీద స్టాంపుతో పాటు ఇంకో చిన్న బిళ్ల అంటిస్తే, ఆ బిళ్లల డబ్బుతో క్షయ పట్టిన పిల్లలకు ఆసుపత్రి కట్టొచ్చు కదా! పైఅధికారులు సరేనన్నారు. రాజు తొమ్మిదో క్రిస్టియన్ కూడా ఒప్పుకున్నాడు. 1904 డిసెంబరులో వచ్చిన తొలి క్రిస్మస్ బిళ్ల మీద 1898లో కన్నుమూసిన రాణి లూయీస్ బొమ్మ వేశారు. ధర రెండు ఓర్‌లు, అంటే క్రోన్‌లో యాభయ్యో వంతు. తపాలా ఖర్చుకు అది చెల్లదు. దానికి స్టాంపు వేరే ఉండాల్సిందే. అయినా అప్పటికి జనాభా పాతిక లక్షలున్న ఆ దేశంలో 40 లక్షలకు పైగా బిళ్లలు అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతోనే కోల్డింగ్ పట్నంలో పిల్లల శానటోరియం లేచింది. 1911లో తలుపులు తెరిచారు.

రెండేసి ఓర్‌లతో ఆసుపత్రి ఎలా నడుస్తుందని అనిపించవచ్చు. రాబర్ట్ కోహ్ 1882లోనే క్షయ క్రిమిని పట్టుకున్నా, దాన్ని చంపే తొలి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో గానీ బయటపడలేదు. ఆ మధ్య అరవై ఏళ్లూ వైద్యమంటే గాలి ఆడే వరండాలో మంచం, కదలకుండా విశ్రాంతి, కడుపునిండా పాలు, గుడ్లు. శానటోరియం ఖర్చులో పెద్ద భాగం పడకలకూ తిండికీ పోయేది. అందుకే చిల్లర డబ్బులతో కూడా ఎంతో కొంత పని జరిగేది.

అమెరికాకు ఈ కబురు మోసింది జేకబ్ రీస్. న్యూయార్క్ మురికివాడల బతుకును ఫొటోలతో బయటపెట్టిన విలేకరి ఆయనే. పుట్టింది డెన్మార్క్‌లో. తోడబుట్టినవాళ్లలో ఆరుగురు అన్నదమ్ములను క్షయ మింగేసింది. సొంతూరి నుంచి వచ్చిన ఉత్తరం మీద ఆ బిళ్ల చూసి, మనమూ ఎందుకు చేయకూడదంటూ 1907లో ‘ఔట్‌లుక్’ పత్రికలో వ్యాసం రాశాడు.

ఆ వ్యాసం డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్‌టన్‌లో ఎమిలీ బిసెల్ కంట పడింది. సమయానికి పడింది. ఆమె బంధువైన జోసెఫ్ వేల్స్ అనే వైద్యుడు బ్రాండీవైన్ వాగు దగ్గర క్షయ రోగులను ఒక పాకలో పెట్టి చూసుకుంటున్నాడు. 300 డాలర్లు పోగవకపోతే దానికి తాళం పడేలా ఉంది. బిసెల్ తానే బొమ్మ గీసింది: హాలీ అనే మొక్క ఆకుల తోరణం, మెర్రీ క్రిస్మస్ అన్న అక్షరాలు, రెడ్‌క్రాస్ గుర్తు. స్నేహితుల దగ్గర అప్పు చేసి యాభైవేలు అచ్చువేయించింది. డిసెంబరు 7న విల్మింగ్‌టన్ పోస్టాఫీసులో బల్ల వేసుకుని అమ్మకానికి కూర్చుంది. బిళ్ల ఒక సెంటు. ఆ రోజుల్లో పోస్టుకార్డు ధర కూడా అంతే.

మొదట్లో బాగానే పోయినా తర్వాత బేరం మందగించింది. ఆమె ఫిలడెల్ఫియా వెళ్లి ‘నార్త్ అమెరికన్’ దినపత్రిక గడప తొక్కింది. అక్కడి కాలమిస్టు లీ మిచెల్ హాడ్జెస్‌కు ఇది తెగ నచ్చింది. పత్రిక రోజూ దీని గురించి రాయడం మొదలుపెట్టింది. ఒక పేపరు కుర్రాడు ఆఫీసులోకి వచ్చి, మునికాళ్ల మీద నిలబడి ఎత్తయిన కౌంటర్ మీద ఒక సెంటు పెట్టి, మా అక్కకూ ఆ జబ్బే ఉందని చెప్పి బిళ్ల అడిగాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, పండగ గడిచేసరికి వసూలైంది మాత్రం దాదాపు మూడు వేల డాలర్లు. అడిగినదానికి పదింతలు. మరుసటి ఏడాది రెడ్‌క్రాస్ దేశమంతటా అమ్మిస్తే 1,35,000 డాలర్లు వచ్చాయి. ఇంత పని చేసిన బిసెల్ ఆడవాళ్లకు ఓటు హక్కు వద్దని గట్టిగా ప్రచారం చేసిన మనిషి కూడా. చరిత్రలో పెద్ద పనులు చేసినవాళ్లు మనకు నచ్చిన మూసలోనే ఇమడాలని ఎక్కడా లేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే రెండు ఉద్యమాలకూ తేడా ఇట్టే తెలుస్తుంది. ‘స్పగ్’లో చేరాలంటే తోటివాళ్ల ముందు చేయి ముడుచుకోవాలి. బిళ్ల అంటించడానికి ఆ మొహమాటం లేదు. పైగా కవరు అందుకున్నవాడికీ సంగతి తెలుస్తుంది, మరుసటేడు తనూ అంటిస్తాడు. పేరు తెలియని రోగికి చేసిన సాయం ఊరూరా తనను తానే చాటుకుంటూ పోతుంది. అందులో కాస్త గొప్ప చెప్పుకోవడం ఉంది, ఉండనీయండి.

డెన్మార్క్ మాట తెలుగునాటికి కూడా వచ్చింది, అయితే బిళ్లతో కాదు, వైద్యుడితో. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె పక్కన, పొడి గాలి వీచే ఎత్తు నేల చూసి, కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో క్షయ శానటోరియం తెరిచాయి. ఆ చోటే ఆరోగ్యవరం. తొలి సూపరింటెండెంటు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ డెన్మార్క్ మనిషి. దక్షిణాది నలుమూలల నుంచి రోగులు రైలు దిగి ఈ ఆసుపత్రి వెతుక్కుంటూ వచ్చేవారు. దేశంలో బి.సి.జి. టీకా వేయడం 1948లో మొదలైంది కూడా మదనపల్లెలోనే.

1939లో ఢిల్లీలో ఏర్పడిన భారత క్షయ నివారణ సంఘం 1950లో మన దేశపు టి.బి. సీలును తెచ్చింది. రెండు అడ్డగీతల శిలువ గుర్తుతో ఉండే ఆ బిళ్ల పెద్దవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇక్కడికి వచ్చేసరికి అది క్రిస్మస్ సామగ్రి కాకుండా పోయింది. అమ్మకాలు గాంధీ జయంతి నాడు మొదలుపెట్టి గణతంత్ర దినోత్సవం దాకా సాగించేవారు. పండగ మారినా పద్ధతి అదే: కొన్ని పైసలు, ఒక కాగితం ముక్క, ఎక్కడో ఒక రోగి.

డెన్మార్క్‌లో క్రిస్మస్ బిళ్ల ఇప్పటికీ ఏటా వెలువడుతోంది. అక్కడ క్షయ దాదాపు మాయమయ్యాక ఆ డబ్బును ఒంటరితనంతో, తోటిపిల్లల వేధింపులతో నలిగే పిల్లల కోసం నడిపే వసతి గృహాలకు మళ్లించారు. కోల్డింగ్ శానటోరియం ఇప్పుడొక హోటల్. మనకు ఆ భాగ్యం ఇంకా దక్కలేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. ఉత్తరాలు రాసేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి బిళ్ల అంటించడానికి కవర్లూ లేవు. అయినా 2022లో కేంద్రం మొదలుపెట్టిన ‘నిక్షయ్ మిత్ర’ పథకంలో ఎవరైనా పేరు నమోదు చేసుకుని ఒక రోగికి కనీసం ఆరు నెలలు బియ్యమో చిరుధాన్యాలో, పప్పు, నూనె లాంటి సరుకులు నెలనెలా అందించవచ్చు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది.