విశాఖలో పుట్టిన అయిదుగురు రాణులు

విశాఖ నౌకానిర్మాణం గురించి తెలుగులో ఎవరు రాసినా ‘జల ఉష’ దగ్గరే మొదలుపెడతారు. 1941 జూన్‌లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ యార్డుకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేయడం, 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ఆ ఓడ నీళ్లలోకి దిగడం ఇప్పటికీ కథలా చెప్పుకుంటాం. అరవై ఏళ్లు దాటాక అదే యార్డులో కోస్ట్‌గార్డ్ కోసం తయారైన అయిదు చిన్న గస్తీ నౌకల సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు. రాణీ అబ్బక్క శ్రేణి నౌకలంటే అవే. పొడవైన తీరమున్న ఆంధ్రకు వాటి చరిత్ర తెలియకపోవడం నాకు వెలితిగానే కనిపిస్తుంది.

కోస్ట్‌గార్డ్ పుట్టుకే ఆలస్యం. బంగారం, బట్టలు, గడియారాలు సముద్రం మీదుగా దొంగచాటుగా వచ్చిపడుతున్న కాలంలో, వాటిని అడ్డుకునే పని నౌకాదళానికి అదనపు భారంగా ఉండేది. ఈ సమస్యను పరిశీలించడానికి 1974లో రుస్తుంజీ కమిటీ ఏర్పడింది. తీరానికి 200 నాటికల్ మైళ్ల దాకా సముద్ర సంపద మీద హక్కు మనదేనంటూ 1976లో చట్టం వచ్చింది. హక్కు రాసుకున్నంత మాత్రాన సరిపోదు, కాపలా కావాలి. 1977 ఫిబ్రవరి 1న తాత్కాలిక సంస్థ మొదలైనప్పుడు దాని చేతిలో ఉన్నవి నౌకాదళం ఇచ్చిన ఏడు నౌకలే: కిర్పాన్, కుఠార్ అనే రెండు పాత ఫ్రిగేట్లు, అయిదు గస్తీ బోట్లు. ఆ బోట్లలో ఒకదాని పేరు పులికాట్, మన సరిహద్దు సరస్సు పేరే. 1978లో కోస్ట్‌గార్డ్ చట్టం వచ్చాక, ఆగస్టు 19న మొరార్జీ దేశాయ్ ఆ దళాన్ని లాంఛనంగా ప్రారంభించారు.

ఒడ్డుకు దగ్గరగా తిరిగే నౌకలకు మన చరిత్రలోని స్త్రీల పేర్లు పెట్టడం 1980లలో వచ్చిన జిజాబాయి శ్రేణితో స్థిరపడింది. 2002 నుంచి గోవా షిప్‌యార్డ్ ఇచ్చిన శ్రేణికి హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు పేరే పెట్టారు. అందులో రెండో నౌక మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్.

పాత సింధియా యార్డే అయిన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కు అయిదు నౌకల ఆర్డరు వచ్చింది 2006లో. ఆ యార్డు చేయి తిరిగింది సరుకు ఓడల్లో. వేల టన్నుల బరువు మోసే ఓడ నిదానంగా కదిలినా చెల్లుతుంది. ఇప్పుడు కట్టాల్సినది 51 మీటర్ల పొడవు, మూడు వందల టన్నుల లోపు బరువు, 34 నాట్ల వేగం ఉన్న నౌక. అంటే గంటకు దాదాపు 63 కిలోమీటర్లు. ఒక్కొక్కటి 2,720 కిలోవాట్ల ఎం.టి.యు. డీజిల్ ఇంజన్లు మూడు. వీటికి మామూలు ఓడల్లోలా బయట తిరిగే పంకాలు ఉండవు. అడుగు నుంచి నీటిని లోపలికి పీల్చి, వెనక్కి బలంగా చిమ్మే వాటర్‌జెట్లే నౌకను ముందుకు తోస్తాయి. దీని విలువ మన తీరం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. లోతు తక్కువగా, ఇసుక మేటలు వేసే చోట్ల, వలలు పరిచి ఉండే నీళ్లలో బయటికి పొడుచుకొచ్చిన పంకా ఎప్పుడైనా ప్రమాదమే.

2008 నవంబరులో ముంబై మీద దాడికి వచ్చినవాళ్లు సముద్రం మీద, అదీ చేపల బోటులో వచ్చారు. అప్పటినుంచి తీర భద్రతలో కోస్ట్‌గార్డ్ బాధ్యత బాగా పెరిగింది. ఇలాంటి నౌకలు వెంటనే కావలసిన కాలం అది. కానీ విశాఖలో పని నడవలేదు, పాకింది. 2010 ఫిబ్రవరిలో యార్డు రక్షణశాఖ కిందికి మారింది. మొదటి నౌక రాణీ అబ్బక్క విధుల్లో చేరింది 2012 జనవరి 20న. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను నగరంతోపాటు యార్డునూ దెబ్బకొట్టింది. మూడోది రాణీ దుర్గావతి వచ్చేసరికి 2015 జులై. చివరిది చేరింది 2018 జూన్ 11న. అయిదు నౌకలకు పన్నెండేళ్లు! కొచ్చిన్ షిప్‌యార్డ్ 2010లో ఆర్డరు అందుకుని 2016 ముగిసేలోగా ఇరవై ఫాస్ట్ పెట్రోల్ నౌకలు ఇచ్చింది. యార్డు మీద ఎంత అభిమానమున్నా ఈ లెక్కను దాచడం న్యాయం కాదు. అయితే బరువు ఓడల యార్డు తేలికైన, వేగమైన నౌక కట్టడం నేర్చుకున్నదీ ఆ పన్నెండేళ్లలోనే.

ఈ నౌకల కథ తీరం దగ్గరే ఆగదు. ముందు భాగంలో ఉండే 30 మిల్లీమీటర్ల సి.ఆర్.ఎన్.-91 గన్ మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీది. పేరులో మెదక్ ఉన్నా ఆ కర్మాగారం ఉన్నది ఎద్దుమైలారంలో, నేటి సంగారెడ్డి జిల్లాలో. అక్కడ తయారయ్యే సరథ్ యుద్ధవాహనం గన్నునే ఓడకు తగ్గట్టు మార్చారు. అదే జిల్లా కొసన, కర్ణాటక సరిహద్దులో నాగల్‌గిద్ద ఉంది. అక్కడి కంది, పత్తి చేల రైతుకు సముద్రం ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. అయినా బంగాళాఖాతంలో తిరిగే గస్తీ నౌక ముందు భాగాన ఉన్నది అతని జిల్లా పనితనమే. నాగల్‌గిద్ద బడిలో పిల్లలకు ఈ సంగతి చెప్పాలని నా కోరిక.

పేర్ల ఎంపిక కూడా నాకు నచ్చింది. పోర్చుగీసు వాళ్లను ఎదిరించిన ఉల్లాల రాణి అబ్బక్క, రామ్‌గఢ్ అవంతీబాయి, గోండ్వానా దుర్గావతి, నాగా యోధురాలు గైడిన్‌ల్యూ. అయిదో పేరు రాణీ రాస్‌మణి. దక్షిణేశ్వర ఆలయం కట్టించిన కలకత్తా జమీందారిణిగానే ఆమె ఎక్కువమందికి తెలుసు. హుగ్లీలో చేపలు పట్టేవాళ్ల మీద ఈస్టిండియా కంపెనీ పన్ను వేసినప్పుడు, ఆమె ఆ నదీభాగాన్ని కౌలుకు తీసుకుని అడ్డంగా ఇనుప గొలుసులు కట్టించిందని, కంపెనీ ఓడలు కదలలేక పన్ను ఎత్తేశారని బెంగాలులో చెబుతారు. తుపాను వేళ దారితప్పిన మరపడవల కోసం వెతికే నౌకకు అంతకంటే తగిన పేరు దొరకదు. ఈ అయిదింటిలో తెలుగు స్త్రీ పేరు లేదు. రుద్రమను తలచుకుని ఉంటే బాగుండేది.

రాణీ రాస్‌మణి విధుల్లో చేరిన అయిదేళ్లకు, 2023 ఆగస్టులో, యార్డుకు మళ్లీ అయిదు నౌకల ఆర్డరే వచ్చింది. ఈసారి నౌకాదళానికి ఇంధనం, ఆహారం మోసుకెళ్లే ఫ్లీట్ సపోర్ట్ షిప్పులు. ఒక్కొక్కటి సుమారు 44,000 టన్నులు, ఒప్పందం విలువ దాదాపు 19,000 కోట్ల రూపాయలు. మొదటిదానికి ఉక్కు కోత 2024 ఏప్రిల్‌లో మొదలైంది.