మెదడు పటం ఎవరు గీశారు?

పదో తరగతి జీవశాస్త్రం పరీక్షకు పిల్లలు చేతికి పట్టుబడేదాకా గీసే బొమ్మల్లో మెదడు ఒకటి. పైన ముడతల మస్తిష్కం, వెనక కిందగా అనుమస్తిష్కం, దాని ముందు వెన్నుపాములోకి దిగే మజ్జాముఖం. గీతలు లాగి పేర్లు రాస్తే మార్కులు. ఆ గీతల్లో ఒక్కటీ తేలిగ్గా పడలేదు. ఏ భాగం ఏం చేస్తుందో మనిషికి తెలిసింది చాలావరకు అది చెడిపోయినప్పుడే.

క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు వైద్యుల రాత ఒకటుంది. ఎడ్విన్ స్మిత్ పపైరస్ అంటారు. అందులోని 48 కేసుల్లో తల పగిలి మెదడు బయటపడ్డవాడూ ఉన్నాడు. ఆ ముడతలు కరిగిన రాగి మీది చిట్టెంలా ఉన్నాయని రాసిన వైద్యుడి చూపు గొప్పది. అదే దేశంలో మమ్మీలు చేసేవాళ్లు మాత్రం గుండెను భద్రంగా ఉంచి, మెదడును ముక్కులోంచి లాగి పారేసేవారు. అరిస్టాటిల్ కూడా గుండె పక్షమే. మెదడు పని రక్తాన్ని చల్లబరచడమేనని ఆయన నమ్మకం.

క్రీ.శ. రెండో శతాబ్దంలో గేలన్ అనే వైద్యుడు పంది గొంతుకు వెళ్లే నరాన్ని కోసి, దాని అరుపు ఆగిపోవడం అందరికీ చూపించాడు. గొంతును నడిపేది గుండె కాదు, మెదడేనని తేల్చాడు. ఆ తర్వాత ఆలోచన దారి తప్పింది. మెదడు లోపల ద్రవంతో నిండిన గదులున్నాయి కదా, బుద్ధి వాటిలోనే ఉంటుందని పండితులు నిశ్చయించేశారు. ముందు గదిలో ఊహ, నడిమి గదిలో ఆలోచన, వెనక గదిలో జ్ఞాపకం. ఈ లెక్క వెయ్యేళ్లకు పైగా నిలిచింది. లియొనార్డో డావించీ ఎద్దు మెదడు గదుల్లోకి మైనం పోసి వాటి అసలు ఆకారాన్ని పట్టుకున్నాడు. అయినా తన బొమ్మల్లో ఆ గదులకు పాత సిద్ధాంతం చెప్పిన పనులే రాశాడు.

చూపును గదుల మీంచి మెదడు పదార్థం మీదికి గట్టిగా మళ్లించినవాడు ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు థామస్ విల్లిస్. 1664లో వచ్చిన ఆయన పుస్తకానికి బొమ్మలు గీసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఉన్నాడు. లండన్ సెయింట్ పాల్స్ చర్చిని తర్వాత కట్టించిన రెన్ ఆయనే. మరో శతాబ్దంన్నరకు గాల్ అనే వైద్యుడు పుర్రె మీది గుబ్బలు తడిమి గుణగణాలు చెప్పడం మొదలుపెట్టాడు. గుబ్బల సంగతి శుద్ధ తప్పు. ఒక్కో పనికి మెదడులో ఒక్కో చోటు ఉంటుందన్న మాటను మాత్రం కొట్టిపారేయలేం. ఫ్లూరాన్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పావురాలకు అనుమస్తిష్కం తీసేస్తే అవి తూలిపోయాయి. కానీ మస్తిష్కంలో అలాంటి పంపకాలేమీ లేవని ఆయన వాదన.

ఆ వాదనను గట్టిగా దెబ్బతీసినవాడు ఒక రోగి. పారిస్ దగ్గరి బిసేత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే ఆయన 21 ఏళ్లు ఉన్నాడు. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. అవతలివాళ్ల మాటలు చాలావరకు అర్థమయ్యేవి, చేతి సైగలతో జవాబిచ్చేవాడు. కోపం వస్తే ఒక తిట్టు మాత్రం నోటివెంట వచ్చేదట. 1861 ఏప్రిల్ 17న చనిపోయాడు. వైద్యుడు పాల్ బ్రోకా మర్నాడే ఆ మెదడును పండితుల సభలో పెట్టాడు. ఎడమవైపు ముందు భాగంలో పుండు. మాట పలికించే చోటుకు ఇవాళ్టికీ బ్రోకా పేరే. లెబోర్న్ పేరు పెట్టి ఉంటే ఎక్కువ న్యాయంగా ఉండేదని నాకనిపిస్తుంది. బ్రోకా ఆ మెదడును ముక్కలుగా కోయకుండా దాచడం మంచిదైంది. 2007లో ఎమ్మారై స్కాన్ ఫలితాలు వచ్చాయి. దెబ్బ బ్రోకా గుర్తించిన చోటు దాటి చాలా లోతుకు వెళ్లిందని తేలింది.

జ్ఞాపకం చిరునామా కూడా ఒక నష్టం వల్లే దొరికింది. 1953లో అమెరికాలో మూర్ఛలతో బాధపడుతున్న 27 ఏళ్ల హెన్రీ మొలైసన్‌కు సర్జన్ స్కోవిల్ మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి కొత్త సంగతేదీ మనసులో నిలవలేదు. ఏళ్ల తరబడి పరీక్షించిన మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ కూడా ఆయనకు ప్రతిసారీ కొత్త మనిషే. అద్దంలో చూస్తూ నక్షత్రం అంచు వెంట గీత గీయమని ఆమె ఇచ్చిన పనిలో మాత్రం మూడు రోజుల్లో చేయి తిరిగింది. ఆ పని ముందెప్పుడో చేశానన్న ఎరుకే ఆయనకు లేదు. సంగతులు దాచుకోవడం వేరు, చేతికి పని రావడం వేరు అని అలా తెలిసింది. 2008లో ఆయన చనిపోయాక మెదడును 2,401 పలుచని పొరలుగా కోశారు.

పటంలో అన్నిటికంటే చిన్నచూపుకు గురైంది అనుమస్తిష్కమే. "శరీర సమతాస్థితి" అని ఒక్క మాట రాసి వదిలేస్తాం. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కిస్తే మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్లు అక్కడే ఉన్నాయి. బరువు చూస్తే మొత్తంలో పదో వంతు. అది దెబ్బతిన్నవాళ్లలో నడక ఒక్కటే కాదు, మాటలు వెతుక్కోవడం, పని వరుస పెట్టుకోవడం కూడా తడబడతాయని 1998 నాటికే బోస్టన్ వైద్యులు రాశారు.