‘బిన్’ తర్వాతి పేరు

మడకశిర, అమరాపురం వైపు పాత కాగితాలు తిరగేసేవాళ్ళకు ‘బిన్’, ‘కోం’ అనే రెండు చిన్న మాటలు తరచూ తగులుతాయి. ‘రంగప్ప బిన్ హనుమంతప్ప’ అంటే హనుమంతప్ప కొడుకు రంగప్ప. ‘కోం’ ఉంటే ముందున్నది భార్య పేరు, తర్వాతది భర్త పేరు. కన్నడ రెవెన్యూ రాతలో స్థిరపడిపోయిన మాటలివి. ఇంటిపేరు అలవాటుతో చదివేవాళ్ళు ‘బిన్’ దగ్గర తడబడతారు. వంశం వెతుక్కునేవాళ్ళ పక్కన కూర్చుని సాయం చేసే మనిషి చేయగల మొదటి మేలు, కాగితంలోని మాటకు ఆ ఊళ్ళో ఉన్న అర్థం చెప్పడం. రెండోది ఇంకాస్త కష్టం: ఈ కాగితం ఎవరు రాశారు, దేనికోసం రాశారు అనే ప్రశ్న అడిగించడం. నా పట్టింపంతా ఆ రెండోదాని మీదే.

అమరాపురం కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న మండలం. చాలా ఇళ్ళలో మాట కన్నడం, ఆఫీసులో రాత తెలుగు. కోస్తాలో ఇంటిపేరు పట్టుకుంటే సగం దారి దొరుకుతుంది. ఇక్కడ చాలా కుటుంబాలకు ఆ ఊతం లేదు. పేరుకు ముందుండే ఇనీషియల్ తండ్రిదో, ఊరిదో అయి ఉంటుంది. దానికి బదులు కురుబ, వక్కలిగ వంటి కులాల్లో ‘బెడగు’, అంటే గోత్రం లాంటి శాఖ ఉంటుంది, ఇంటింటికీ ‘మనెదేవరు’, అంటే ఇలవేల్పు ఉంటుంది. పుట్టువెంట్రుకలు ఏ గుడిలో తీయిస్తారో అడిగితే, పూర్వీకులు ఏ దిక్కునుంచి వచ్చారో ఒక్కోసారి జాడ తెలుస్తుంది. జాడ మాత్రమే. ఒకే దేవుణ్ణి కొలిచే రెండు ఇళ్ళు ఒకే రక్తం అనడానికి అది చాలదు.

ఇంకో చిక్కు, తాత పేరు మనవడికి పెట్టుకునే ఆనవాయితీ. హనుమంతప్ప కొడుకు రంగప్ప, అతని కొడుకు మళ్ళీ హనుమంతప్ప, ఆ తర్వాత మళ్ళీ రంగప్ప. నాలుగు తరాలు రెండు పేర్లతో గడిచిపోతాయి. 1930లో భూమి కొన్న రంగప్ప, 1965లో అదే భూమి పంచిన రంగప్ప ఒకరేనా, తాతామనవళ్ళా? పేరు ఏమీ చెప్పదు. సర్వే నంబరు, పక్క హద్దుదారు, సాక్షి సంతకం చూడాలి.

బడిపంతుళ్ళు, ఔత్సాహికులు రాకముందు ఈ సాయం చేసిన వృత్తివాళ్ళు ఇక్కడ ఉన్నారు. కన్నడ సీమలో హెళవలు, తెలుగు నేల మీద పిచ్చుకుంట్లవాళ్ళు. ‘హెళవ’ అంటే కన్నడంలో కుంటివాడు. పిచ్చుకుంట్ల పేరులోనూ ‘కుంటి’ వినిపిస్తుంది. ఈ రెండు పేర్ల వెనకా అవిటి పూర్వీకుడి కథలు ఉన్నాయి. 1909లో వచ్చిన థర్స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో ఇద్దరి ప్రస్తావనా ఉంది. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో ఇప్పుడు పిచ్చుకుంట్లవాళ్ళ పేరు ‘వంశరాజ్’.

హెళవ వచ్చే తీరు గమనించదగ్గది. పంట ఇంటికొచ్చే కాలానికి, ఎద్దుతో, తన వంతు ఇళ్ళకు వస్తాడు. ఆ ఇంటివాళ్ళ మూలపురుషుడి నుంచి పేర్లు చదువుతాడు. పోయినసారి వచ్చాక పుట్టినవాళ్ళను, పెళ్ళయి వచ్చినవాళ్ళను పుస్తకంలో చేర్చుకుంటాడు. ధాన్యమో, డబ్బో, కలిగినవాళ్ళయితే పశువునో ఇస్తారు. ఆ ఇళ్ళ మీద హక్కు వాళ్ళలో వారసత్వంగా వస్తుంది.

పరిశోధకుడు ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పేర్లు చేర్చేటప్పుడు ఇంటివాళ్ళు ఎదురుగా ఉంటారు, తప్పు రాస్తే అక్కడికక్కడే దిద్దుతారు. కాబట్టి ఏ తరం పేర్లు ఆ తరం బతికుండగా ఎక్కాయో అక్కడ పుస్తకం గట్టి సాక్ష్యం. పైకి వెళ్ళేకొద్దీ పరిస్థితి మారుతుంది. మూలపురుషుడు గొప్పవాడైతే వినేవాడికి సంతోషం, చదివేవాడికి లాభం. ఆ మొదటి పేర్లను దిద్దడానికి ఎదురుగా ఎవరూ లేరు.

ఇది హెళవలకే అంటిన దోషం అనుకుంటే అన్యాయం. అమరాపురం మండలంలోనే ఉన్న హేమావతికి వెళ్దాం. ఒకప్పటి హెంజేరు, నొళంబ పల్లవుల రాజధాని. అక్కడి 10వ శతాబ్దపు స్తంభశాసనం నొళంబుల వంశావళి చెబుతుంది. త్రినయన పల్లవుడితో మొదలై, మంగళ నొళంబాధిరాజు, సింహపోతుడు, చారుపొన్నేరుడు, పొలల్చోరుడు, మహేంద్రుడు, అయ్యపదేవుడు, ఇలా దిలీపుడి దాకా వస్తుంది. మహేంద్రుడికి ధర్మపురిలో సొంత శాసనాలున్నాయి, అంటే ఆ పేరుకు వేరే సాక్ష్యం దొరికింది. మొదటి పేరుకు అలాంటి ఆసరా లేదు. ముక్కంటి పల్లవుడు, త్రిలోచన పల్లవుడు అంటూ తెలుగు నేల మీద వేరే వంశాల కథల్లోనూ తిరిగే పురుషుడాయన. రాజు రాతిమీద చెక్కించినా, హెళవ ఎద్దుపక్కన నిలబడి చదివినా, వంశావళికి కింది కొమ్మలు గట్టివి, వేరు మెత్తన. ఈ పోలిక నాదే, దీన్నో సూత్రంగా నిలబెట్టాలంటే చాలా హెళవ పుస్తకాలను దస్తావేజులతో పోల్చి చూడాలి.

అమరాపురంలోనే మరో శాసనం ఉంది. శక 1200, అంటే క్రీ.శ. 1278 నాటిది. నిడుగల్లు చోళుడు ఇరుంగోళుడి కాలంలో, బాలేందు మలధారి శిష్యుడైన మల్లిసెట్టి తైలంగెరె బ్రహ్మజినాలయానికి తమ్మడహళ్ళిలో 2000 వక్కచెట్లు ఇచ్చాడని చెబుతుంది. ఈ మండలంలో ఇప్పటికీ వక్కతోటలు కళ్ళకు కడతాయి. తోట ఉన్న సెట్టి ఒకరు ఈ శాసనం చదివి, మల్లిసెట్టి మా మూలపురుషుడే అనుకోవాలని ముచ్చటపడితే తప్పుపట్టలేం. కానీ 1278కీ, ఆయన చేతిలో ఉన్న మొదటి దస్తావేజుకూ మధ్య కనీసం ఆరేడు వందల ఏళ్ళు ఖాళీ. సాయం చేసేవాడు ఆ ఖాళీని ఖాళీగానే గీసి చూపించాలి. పక్కనే, ఈ ఊరి వక్కతోటలు అంత పాతవన్నది మాత్రం ఖాయమని రాసివ్వొచ్చు. అదీ తక్కువేం కాదు.

ఇక కరణం రాసిన కాగితాలు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికొచ్చాక 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రో కాలంలో పొలం పొలానా కొలతలు, రైతు పేర్లు రాయించారు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు వంశం వెతికేవాళ్ళకు ఇంకా పనికొస్తాయి. ఇనాం మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, అతనికీ మొదటివాడికీ చుట్టరికమేమిటి అని గడులు ఉంటాయి. పూజారులూ అగ్రహారీకులే ఉంటారనుకుంటారు గానీ, తలారి, నీరుగంటి, వెట్టి వంటి ఊరి కొలువుల ఇనాములు కూడా వీటిలో ఎక్కాయి. పట్టా భూమి లేని కుటుంబాల పూర్వీకుల పేర్లు సర్కారు కాగితంలో కనిపించే కొద్ది చోట్లలో ఇదొకటి. ఏ ఇనామూ, ఏ సెంటు భూమీ లేని కూలివాడి తాతకు ఆ చోటూ లేదు.

రెవెన్యూ కాగితం పన్ను కోసం పుట్టింది. పన్ను ఎవరు కడతారన్నదే దానికి కావాలి, ఎవరికి ఎవరు పుట్టారన్నది కాదు. ఉమ్మడి కుటుంబంలో పెద్ద ఒక్కడి పేరే ఎక్కుతుంది, తమ్ముళ్ళు కనబడరు. భాగపరిష్కారపు దస్తావేజు రాసుకున్న రోజు మాత్రం అన్నదమ్ములంతా, అన్న పోయుంటే ఆయన కొడుకులతో సహా, ఒకే కాగితం మీదికొస్తారు. నన్నడిగితే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మొదట వెతకవలసింది అదే. ఇల్లరికం ఇంకో ఉచ్చు. కొడుకుల్లేని ఇంట అల్లుణ్ణి తెచ్చుకుని ఆస్తి అప్పగించే ఆచారాన్ని బళ్ళారి, కర్నూలు వైపు రెడ్లలో మద్రాసు కోర్టులు కూడా గుర్తించాయి. అలాంటి చోట భూమి మామ నుంచి అల్లుడికి, అక్కణ్ణుంచి మనవడికి వరసగా దిగుతుంది. ఆ వరసను తండ్రీకొడుకుల వరసగా చదివితే వంశవృక్షమే మారిపోతుంది.

ఇంకా సున్నితమైనది బసివి ఆచారం. కొడుకుల్లేని తండ్రి కూతురిని దేవుడికి వదిలితే, ఆమె పుట్టింట్లోనే ఉండి, పిల్లలు ఆమె తండ్రి వంశానికే చెందేవాళ్ళు. బళ్ళారి జిల్లాలోని ఈ ఆచారం మీద ఫాసెట్ అనే అధికారి 19వ శతాబ్దం చివర్లో రాశాడు. 1988లో ఆంధ్రప్రదేశ్ ఇలా వదలడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఒక కాగితంలో తండ్రి గడిలో తాత పేరు ఎదురైతే ఇదీ ఒక కారణం కావొచ్చు. రాసినవాడి పొరపాటూ కావొచ్చు. తేల్చకముందు ఇంటివాళ్ళ ఎదుట నోరు జారకూడదు. తేలినా, చెప్పాలా వద్దా అన్నది అడిగినవాళ్ళ ఇష్టం.

ఏ ఆఫీసులో వెతకాలన్నదానికీ చరిత్ర తెలియాలి. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడివడింది. అంతకుముందు మడకశిర, పెనుకొండ, హిందూపురం కాగితాల్లో జిల్లా బళ్ళారే. 1953లో బళ్ళారిలో ఎక్కువ భాగం మైసూరులోకి పోయింది. 2022 నుంచి ఈ ప్రాంతం శ్రీసత్యసాయి జిల్లా. ఈలోగా 1984లో కరణీకాలు రద్దయ్యాయి. ఏ దఫ్తరం ఎక్కడుందో చెప్పగలిగిన మనిషే ఆ రోజుతో కొలువులోంచి తప్పుకున్నాడు.

ఈ జిల్లా మార్పు సముద్రం అవతలా కనిపించాలి. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పంద కూలీలను తీసుకెళ్ళిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా నేటాల్‌కు వెళ్ళిన కూలీల సంఖ్య 1,52,184. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ గడులు ఉన్నాయి. 1882కు ముందు వెళ్ళినవాళ్ళ కోసం ‘అనంతపురం జిల్లా’ అని వెతికితే ఏమీ రాదు, ‘బళ్ళారి’ అని వెతకాలి. ఊరి పేరు ఇంగ్లీషు చెవికి ఎలా పడితే అలా రాసి ఉంటుంది. ‘హళ్ళి’, ‘పల్లి’ ఒకటైపోతాయి. అక్కడి మునిమనవడికి ఆ ఊరు గుర్తుపట్టి చెప్పేది ఇక్కడి మనిషే. వాళ్ళ తండ్రి గడి చదివి పంపవలసింది అక్కడివాళ్ళు.

బడిపంతుళ్ళ చేతిలో ఉన్నది అడ్మిషన్ రిజిస్టరు. చదువుకున్న మొదటి తరానికి ఇదే మొదటి రాత. భూమి లేనివాళ్ళ పిల్లలూ, ఆడపిల్లలూ ఇందులో ఉంటారు, అదీ దీని విలువ. ఇందులో పుట్టినతేదీలు మాత్రం నమ్మలేం. ఒకే పేజీలో జులై 1న పుట్టినవాళ్ళు వరసగా కనబడితే, అవి అయ్యవారు బడి లెక్కకు సరిపడా వేసిన తేదీలని పట్టుకోవాలి. తండ్రి పేరు గడి దానికంటే నమ్మకమైనది. కన్నడ మాధ్యమంలో చేరిన పిల్లవాడి పేరు తర్వాత తెలుగు టీసీలోకి ఎక్కేసరికి ‘అప్ప’ రాలిపోవడం, ‘రాయ’ చేరడం వింత కాదు.

పిల్లల చేత ఈ పని చేయించే పంతులుకు నా సూచన ఒకటే. పేరు పక్కన అది ఎలా తెలిసిందో రాయించండి. అవ్వ చెప్పింది, పట్టాలో ఉంది, రెండుచోట్లా కలిసింది, ఈ మూడు గుర్తులు చాలు. పెద్దలకు పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు పేర్లే అవసరమవుతాయి. చాలా ఇళ్ళలో జ్ఞాపకం కూడా అక్కడికే ఆగుతుంది. నాలుగో పేరు అవ్వ సులువుగా చెప్పేసిందంటే, ఆమెకెలా తెలుసో కూడా అడగాలి.

అడిగే తీరులోనూ మోసం ఉంది. ‘మీ జేజినాయన పేరు హనుమంతప్పే కదా?’ అంటే, కాదనడం మర్యాద కాదని అవ్వ తలూపుతుంది. ‘మీ జేజినాయన పేరేమి?’ అంటే ఆలోచిస్తుంది. అమెరికన్ రచయిత అలెక్స్ హేలీ ఆఫ్రికాలో తన పూర్వీకుణ్ణి వెతుకుతూ రాసిన, 1976లో వచ్చిన ‘రూట్స్’ కథ ఇక్కడే చిక్కుకుంది. గాంబియాలోని జుఫూరేలో కెబ్బా కంజి ఫొఫానా అనే పెద్దాయన ఆ పూర్వీకుడు కుంటా కింటే కథ చెప్పాడు. చరిత్రకారుడు డొనాల్డ్ రైట్ తర్వాత వెళ్ళి అడిగి, ఫొఫానా సంప్రదాయంగా వంశాలు చెప్పే వృత్తిలో ఆరితేరినవాడు కాదనీ, హేలీ ఏం వెతుకుతున్నాడో అక్కడివాళ్ళకు ముందే తెలుసనీ 1981లో రాశాడు. అదే ఏడు వంశచరిత్ర పరిశోధకులైన మిల్స్ దంపతులు అమెరికా దస్తావేజులు చూసి, అవీ కథతో కలవడం లేదని చూపారు. ఆ పుస్తకం చదివి లక్షలమంది తమ వంశాలు వెతకడం మొదలుపెట్టారన్నదీ నిజమే.

కంపెనీ సర్వేయరు మెకంజీకి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు సేకరించిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులకూ ఇలాంటి పరీక్షే ఎదురై ఉండాలి. అధికారం పోయిన పాళెగాళ్ళు తెల్లదొర మనుషులకు వంశావళి చెప్పేటప్పుడు, ఆ చెప్పడంలో పింఛనో, పాత హక్కో ఆశించరా?

ఇన్ని వెతికినా మిగిలిపోయే సగం ఉంది. ‘లక్ష్మమ్మ కోం రంగప్ప’ అన్న రాతలో లక్ష్మమ్మ తండ్రి లేడు. ఇక్కడి రికార్డుల్లో ఆమె జాడ ‘కోం’ దగ్గరే ఆగుతుంది. ఆమె పుట్టిల్లు కర్ణాటకలోని శిరా తాలూకాలో ఉంటే కాగితం ఇంకో రాష్ట్రంలో, ఇంకో లిపిలో, బహుశా ఆమె అన్నదమ్ముల భాగపత్రంలో ఉంటుంది, లేదా హెళవ పుస్తకంలో ‘ఫలానా ఊరికి ఇచ్చారు’ అన్న ఒక్క ముక్కగా ఉంటుంది. బస్సెక్కి వెళ్ళి, ఆ ఊళ్ళో అందరికంటే పెద్ద అజ్జి ఎవరో కనుక్కుని, పేరేదీ ముందుగా అందించకుండా అడగాలి: ఈ ఇంటినుంచి అమరాపురానికి ఇచ్చిన ఆడపిల్ల ఎవరు?