దస్తూరి నాకా దాటాక

కొండ కింది నేరల్ నుంచి మలుపు మీద మలుపు తిరుగుతూ వచ్చిన షేర్ టాక్సీ దస్తూరి నాకా దగ్గర ఆగింది. ఇక్కణ్ణుంచి ముందుకు ఏ కారూ పోదు. అది ఎంత ఖరీదైనదైనా, లోపల కూర్చున్నది ఎవరైనా సరే, దిగి నడవాల్సిందే. ప్రవేశ రుసుం కట్టి, రసీదు జేబులో పెట్టుకుని గేటు దాటారో లేదో గుర్రాలవాళ్లు చుట్టుముడతారు. "ఘోడా చాహియే, సాబ్?" అని ఒకడు మీ సంచీ మీద చెయ్యి వేస్తాడు. ముక్కుకు ముందుగా తగిలేది తడి మట్టీ, గుర్రపు లద్దె కలిసిన వాసన.

2025 అక్టోబరు. వానలు ఇప్పుడిప్పుడే వెనక్కి తగ్గాయి. నెలల తరబడి కురిసిన నీళ్లు దారిని కోసేశాయి. ఎర్రమట్టి కొట్టుకుపోయి, చెట్ల వేళ్లు నరాల్లా పైకి తేలాయి. మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లాలో, దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉన్న ఈ మాథేరాన్‌లో మోటారు బండ్ల మీద నిషేధం బ్రిటిషు రోజుల నుంచీ ఉంది. 2003లో కేంద్రం దీన్ని పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతంగా ప్రకటించాక ఆ నిషేధానికి చట్టం బలం కూడా వచ్చింది. అంబులెన్సుకూ అగ్నిమాపక బండికీ మినహాయింపు.

మరి ఊరు ఎలా నడుస్తోంది? కాసేపు ఓ చెట్టు కింద నిలబడితే మీకే కనిపిస్తుంది. గ్యాసు సిలిండర్లు అటూ ఇటూ వేలాడేసుకుని గుర్రం ఎక్కుతోంది. కొండ కింది ఆదివాసీ వాడల నుంచి పొద్దున్నే నడిచి వచ్చిన కూలీలు సూట్‌కేసులు నెత్తికెత్తుకుంటున్నారు. కొంచెం దూరంలో చేతి రిక్షాలు బారు తీరి ఉన్నాయి. రెండు పెద్ద చక్రాలు, పైన గొడుగు లాంటి కప్పు, ముందుకు పొడుచుకొచ్చిన కాడి. లైసెన్సు ఉన్నవి 94. ముందు ఒకరు లాగాలి, వెనక ఇద్దరు నెట్టాలి. పుణె నుంచి వచ్చినట్టున్న ఓ పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని ఎక్కి కూర్చుంటుంది. ముగ్గురూ ఒక్కసారి ఊపిరి బిగబడతారు. చక్రం కదులుతుంది. ఎక్కడం సంగతి అలా ఉంచండి, దిగుడులో చూడాలి వాళ్ల అవస్థ. బండి మీదికి తోసుకొస్తుంటే ముందువాడు మడమలు మట్టిలో దిగేసి, వీపుతోనే బ్రేకు వెయ్యాలి.

"కారు మోత లేని ఊరు, ఎంత హాయి!" అని ముంబై నుంచి వచ్చినవాళ్లందరూ అంటారు. నిజమే, హాయే. ఆ హాయిని ఇన్నాళ్లూ లాగింది ఎవరో మాత్రం ఫొటోల్లో పడదు. మద్రాసులో మనిషి లాగే రిక్షాలు 1973లోనే పోయాయి. ఇక్కడ అడవిని కాపాడే నియమమే మనిషిని కాడి మధ్య నిలబెట్టింది. పొగ వద్దన్నవాళ్లకు చెమట కనిపించలేదు.

ఇంతలో వెనక నుంచి సన్నని జుయ్‌మనే శబ్దం. పక్కకి జరగండి. మూడు చక్రాల ఈ-రిక్షా. ఎక్కి కూర్చోండి, మోకాళ్లు ముందు సీటుకు తగిలితే సర్దుకోవాలి. 2022 మేలో సుప్రీంకోర్టు ప్రయోగాత్మకంగా అనుమతి ఇస్తే, ఆ డిసెంబరులో ఇవి మొదటిసారి ఈ దారి ఎక్కాయి. కోర్టుకు వెళ్లింది సునీల్ శిందే అనే విశ్రాంత ఉపాధ్యాయుడు, రిక్షా కార్మికుల తరఫున. తర్వాత ఇరవై బండ్లకు అనుమతి వచ్చింది, అవి లాగేవాళ్ల చేతికే దక్కాలన్నది షరతు.

మీ డ్రైవరూ అలాంటివాడే. హ్యాండిల్ మీద ఉన్న చేతులు ఇంకా కాడి పట్టుకున్నట్టే బిగిసి ఉన్నాయి. "పాత బండి గుర్తొస్తుందా, దాదా?" అని అడగండి. "మోకాళ్లకి గుర్తొస్తుంది, సాబ్, వాన పడ్డప్పుడు," అంటాడు వెనక్కి తిరక్కుండానే. వాళ్ల నాన్నా లాగాడట. కొడుకు లాగడు. అది చెప్పేటప్పుడు మాత్రం అద్దంలోంచి మీకేసి చూస్తాడు.

బండి కింద దారి కటకటమంటోంది, పరిచిన దిమ్మెల మీద. ఈ దిమ్మెల మీద ఎంత తగవు నడిచిందో! అవి వేస్తే గుర్రాల గిట్టలు జారతాయని గుర్రాలవాళ్ల వాదన. కాంక్రీటు వేస్తే కొండ రూపే పోతుందని మరికొందరి భయం. దిమ్మెలే లేకపోతే వానాకాలంలో బండి బురదలో కూరుకుంటుందని రిక్షావాళ్లు. 2025 ఆగస్టు 6న అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్ ధర్మాసనం ఒక దారి చూపింది: దస్తూరి నుంచి ఊళ్లోని శివాజీ విగ్రహం దాకా దిమ్మెలు వెయ్యొచ్చు, లోపలి దారులూ గుర్రాల బాటలూ ముట్టుకోకూడదు. అదే తీర్పులో చేతి రిక్షాలు ఆరు నెలల్లో పోవాలని చెప్పింది, డబ్బు లేదన్న సాకు చెల్లదంది. సైకిల్ రిక్షాల కేసులో 1980లో తాను చెప్పిన మాటను గుర్తు చేసుకుంది. గుజరాత్‌లోని కేవడియాలో ఆదివాసీ మహిళలకు ఈ-రిక్షాలు అద్దెకిచ్చి నడిపిస్తున్న పద్ధతిని చూడమంది. గడువు 2026 ఫిబ్రవరి దాకా. అందాకా ఈ దారిలో చేతి రిక్షా, ఈ-రిక్షా రెండూ పక్కపక్కనే.

మలుపులో ఎదురుగా గుర్రం. మీ బండి ఆగింది. గుర్రం చెవులు వెనక్కి మడిచి, పక్కకి రెండడుగులు వేసింది. సవారీ చేస్తున్న కుర్రాడు జీను పట్టుకుని కెవ్వుమన్నాడు. కళ్లెం పట్టుకున్న మనిషి మరాఠీలో ఏదో విసిరాడు, మీ డ్రైవరు అంతకంటే గట్టిగా తిరిగి విసిరాడు. తరవాత ఇద్దరూ నవ్వారు. పక్కపక్క ఇళ్లవాళ్లట. ఈ ఊళ్లో గుర్రాలు నాలుగు వందల పైమాటే. వాటి మేతకూ పర్యాటకుడే దిక్కు. బండ్లు పెరిగితే తమ పొట్ట కొట్టినట్టేనన్న గుర్రాలవాళ్ల భయాన్ని మొండితనమని కొట్టిపారెయ్యడం నాకు చేతకాదు.

అమన్ లాడ్జ్ దగ్గర బొమ్మరైలు కూత వినిపిస్తుంది. 1907లో ఆదంజీ పీర్‌భాయ్ కుటుంబం వేయించిన రెండడుగుల గేజు లైను అది. తర్వాత బజారు: చిక్కీ దుకాణాలు, తోలు చెప్పులు, చేతిలో పొట్లం కనబడితే లాక్కునే కోతులు.

సాయంత్రం తిరిగి వెళ్లడానికి బండి కోసం వస్తే బారెడు వరస. శనివారం మరి. ఇరవై బండ్లు ఎంతమందికని సరిపోతాయి? మీ వంతు దగ్గరపడేసరికి భుజాన సంచీలతో బడిపిల్లలు పరుగెత్తుకొస్తారు. ఈ బండ్లు రాకముందు ఈ పిల్లలు రోజూ కిలోమీటర్లు నడిచేవాళ్లు. వాళ్లు ఎవర్నీ అడగరు, నేరుగా ఎక్కి ఇరుక్కుంటారు. వరసలో ఎవరో గొణిగితే డ్రైవరు చెయ్యి ఊపుతాడు: "ముందు స్కూలు, తరవాతే టూరిస్టు. తొందరుంటే నడవండి, సాబ్, అంతా దిగుడే."

దిగుడేమీ కాదు, సగం ఎక్కుడే. సంచీ భుజానికి తగిలించుకోండి.