హామర్ డీరోబర్ట్: నౌరూ నేల కోసం నిలబడిన ఉపాధ్యాయుడు

మన ఏజెన్సీ కొండల్లో గనుల మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న మనలో మనకే ఎదురవుతుంది: తవ్వకం మన చేతుల్లోనే ఉంటే ఫరవాలేదా? పసిఫిక్ మహాసముద్రంలోని నౌరూ అనే చిన్న దీవికి ఈ ప్రశ్న మనకంటే ముందే ఎదురైంది. అక్కడి నాయకుడు హామర్ డీరోబర్ట్ జీవితాన్ని మనం తెలుసుకోవలసింది అందుకే.

నౌరూ వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లు. అది 12 తెగల గడ్డ. వారి జెండా మీది నక్షత్రానికి 12 కోణాలు ఉన్నది ఆ తెగల గుర్తుగానే. ఆ నేలలో ఎరువుకు పనికొచ్చే ఫాస్ఫేట్ ఉందని 1900 ప్రాంతంలో బయటపడింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఒక కమిషన్ పెట్టి తవ్వుకున్నాయి. వారి పొలాలకు చౌకగా ఎరువు అందింది. భూమి సొంతదారులకు దక్కింది నామమాత్రపు రాయల్టీ.

డీరోబర్ట్ 1922లో పుట్టారు. ఆస్ట్రేలియాలోని గీలాంగ్‌లో చదువుకుని ఊరికి తిరిగివచ్చి పాఠాలు చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం సుమారు 1,200 మంది నౌరూ వాసులను ట్రుక్ దీవులకు తరలించింది. వారిలో ఆయన కూడా ఉన్నారు. 1946 జనవరి 31న తిరిగి ఇల్లు చేరినవారు 737 మందే.

యుద్ధం తరువాత ఆయన ప్రభుత్వ ఉద్యోగిగా, ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1955లో స్థానిక మండలికి ఎన్నికై, మరుసటి ఏడాది ప్రధాన నాయకుడయ్యారు. దీవి తవ్వకాలతో పాడైపోతోంది కనుక అందరినీ క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ దీవికి మారుస్తామని ఆస్ట్రేలియా అంది. అక్కడ తమ పాలన తమకు ఉండదని తేలడంతో 1964లో నౌరూ ప్రజలు వద్దన్నారు. ఆయన నాయకత్వంలోనే 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. అందుకు వారు ఎంచుకున్న రోజు కూడా జనవరి 31. తొలి అధ్యక్షుడు డీరోబర్టే. 1970లో గనులు నౌరూ చేతికి వచ్చాయి.

ఆ తరువాతి కథనూ మనం దాచకూడదు. సొంత యాజమాన్యంలోనూ తవ్వకం ఆగలేదు. చేతినిండా డబ్బు వచ్చింది. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టారు, విమానయాన సంస్థ నడిపారు. ఆ భవనం చివరికి 2004లో అమ్ముడుపోయింది. దీవి మధ్య భాగమంతా మొనదేలిన సున్నపురాళ్లు మిగిలాయి. అక్కడ సాగు లేదు, నివాసం లేదు.

అయినా డీరోబర్ట్ పాత లెక్కను వదల్లేదు. స్వాతంత్ర్యానికి ముందు తవ్వి పాడుచేసిన భూమికి బాధ్యత వహించాలంటూ 1989లో నౌరూ ఆస్ట్రేలియాను అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చింది. కేసు విచారించే అధికారం తమకు ఉందని 1992 జూన్‌లో కోర్టు చెప్పింది. మరుసటి నెలలోనే ఆయన కన్నుమూశారు. 1993లో ఆస్ట్రేలియా 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీపడింది.

గని మీద హక్కును పోరాడి తెచ్చుకోవచ్చని, పాత అన్యాయానికి పెద్ద దేశాన్నయినా నిలదీయవచ్చని ఆయన చూపించారు. కానీ తవ్వేసిన నేలను ఏ పరిహారమూ తిరిగి పూడ్చలేదు. మన ప్రశ్నకు నౌరూ చెప్పే జవాబు ఇదే. హక్కుతో పాటు నేల కూడా మిగలాలి. డీరోబర్ట్ స్మృతికి మా జోహార్లు.