ఉస్మానియా నుండి నాగపురికి



"ఎందులో చేరితే పేరొస్తది సార్?" అని మా దంతాలపల్లి పిల్లలు అడిగినప్పుడల్లా నాకు 1938 జ్ఞాపకం వస్తుంది.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానిది సామాన్యమైన ప్రతిష్ఠ కాదు. ఉన్నతవిద్యను ఒక దేశభాషలో బోధించిన ఘనత దానిది. శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చుటకు ప్రత్యేకంగా అనువాదశాలనే నెలకొల్పారు. అయితే నిజాం రాజ్యంలో అత్యధికుల ఇంటిభాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడాలు. (తెలుగు పండితుణ్ణి గనుక ఈ మాట కాస్త గట్టిగానే అంటాను.)

1938 చివర వసతిగృహాలలో వందేమాతరం పాడరాదన్నారు. విద్యార్థులు వినలేదు. వందలాదిమందిని వెళ్లగొట్టారు. అప్పుడు తలుపు తెరిచింది నాగపురి విశ్వవిద్యాలయం. 1923లో పుట్టినది, వయసులో ఉస్మానియా కన్న చిన్నది. పరాయి రాష్ట్రం, పరాయి భాష. అయినా వారిని వారుగా రానిచ్చింది. మా ఉమ్మడి వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు గారు ఆ బహిష్కృతులలో ఒకరు. న్యాయశాస్త్ర పట్టా నాగపురి నుండే పొందారు; 1991లో ప్రధానమంత్రి అయ్యారు.

అది ఏరి కోరుకున్నది కాదు, గత్యంతరం లేక వెళ్లినది అనవచ్చు. నిజమే. కాని పాట మానుకొని ఉంటే ఉస్మానియా వారికి ఉండనే ఉండేది కదా!

మా వైపు సొంత విశ్వవిద్యాలయం, కాకతీయ, 1976లో గాని రాలేదు. ఇప్పుడు పిల్లలు హైదరాబాదా, వరంగల్లా అని అడిగితే ముందు నేనే ప్రశ్నలు వేస్తాను. నీకు కావలసిన శాఖ అక్కడ ఉన్నదా? ఏ భాషలో చెబుతారు? హాస్టలు ఖర్చు మీ నాయన మోయగలడా?